కోరుట్ల వియ్యంకుల చేతులు మండిన సంగతి

నన్ను మూడు ఊళ్ళలో కాస్టిక్ రాజేశం అంటారు. సిరిసిల్లలో పుట్టిన ఆ పేరు పెళ్ళివారి బస్సెక్కి కోరుట్లకు పోయింది, నేను బతకడానికి పోతే నా వెనకాలే జగిత్యాలకూ వచ్చింది. అది అన్యాయంగా పెట్టిన పేరు. నా లెక్క తప్పలేదు. పది కిలోల ఇప్పనూనెకు కిలోంబావు కాస్టిక్ సోడా అని నేను కట్టిన లెక్క ఆనాడూ సరైనదే, ఈనాడూ సరైనదే. ఎవరైనా కాగితం, పెన్సిలు తెచ్చుకొని నా ఎదురుగా కూచుంటే ఇప్పటికిప్పుడు మళ్ళీ చేసి చూపిస్తాను. మా పెద్దనాయిన బిడ్డ సరోజన పెళ్ళిలో మగపెళ్ళివారి చేతులు మండిన మాట నిజం. వాళ్ళు అన్నం చెంచాలతో తిన్న మాటా నిజం. మా ఇంట్లో అన్ని చెంచాలు లేక బస్టాండు దగ్గరి హోటలు నుంచి అరువు తెచ్చిన మాట కూడా నిజమే. కానీ ఆ మంటకు కారణం నా లెక్క అనడం అబద్ధం. మా చుట్టాల్లో పుట్టిన ప్రతి పిల్లకూ నా అసలు పేరు తెలియకముందే ఆ అబద్ధం తెలుసు.

మొన్న పెద్దమ్మను చూడటానికి సిరిసిల్ల పోయాను. ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. పెద్దమ్మ అంటే సరోజన తల్లి, మా నాయిన అన్నగారి భార్య. మా ఇంటి పెద్దల్లో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. దారిలో కోరుట్లలో దిగి సరోజనను వెంటబెట్టుకున్నాను. రుద్రంగి దాటేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూ కూచుంది. తర్వాత సంచిలోంచి బత్తాయిపండు తీసి నా చేతిలో పెట్టి, "నువ్వే ఒలువు రాజేశమన్నా. పులుపుకు నీ చేతులు మండయి, కాస్టిక్ కే ఓర్సినయి," అంది. వెనక సీటులోని ముసలాయన పక్కున నవ్వాడు. ఆయనెవరో నాకు తెలియదు. ఆయనకు మాత్రం నేను తెలుసు.

ఒకప్పుడు సిరిసిల్లలో మా వీధి మలుపు తిరగకముందే మా ఇల్లు ముక్కుకు తెలిసేది. మాది నూలుకు రంగులద్దే ఇల్లు. మగ్గాలవాళ్ళు తెల్ల నూలు చుట్టలు, చిలపలు అంటాం, తెచ్చిస్తే, ఎర్రగానో నీలంగానో చేసి ఇచ్చేవాళ్ళం. వాకిట్లో తడి నూలు వాసన, పెరట్లో ఉడుకుతున్న గంజి వాసన, రంగుల అర్ర తలుపు తీస్తే అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటు లాంటిది ఒకటి, ఈ మూడూ కలిసి మా బట్టలకు, జుట్టుకు, చివరికి పెరుగన్నానికి కూడా పట్టేవి. నీలం తొట్టిలో ముంచిన చిలప పైకి తీసినప్పుడు లేత పచ్చగా ఉండి, గాలి తగిలిన కొద్దీ మన కళ్ళముందే నీలమైపోయేది. మా నాయిన పోయాక నేను పెద్దనాయిన ఇంట్లోనే పెరిగాను కాబట్టి ఆ రంగు మారటాన్ని చూడటమే నా ఆట. ఎందుకు మారుతుందని అడిగితే పెద్దనాయిన, "మారాలె గనక మారుతది. పో, నీళ్ళు తోడు," అనేవాడు. నాకు కోపం అలవాటైంది ఆ జవాబుతోనే అనుకుంటాను.

పెద్దనాయిన చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ఆయన తూకంరాళ్ళు వాడేవాడు కాదు. కొబ్బరి చిప్పతో కొలిచి కాస్టిక్ ను నీళ్ళలో వేసి, చూపుడువేలు ముంచి, బొటనవేలితో రుద్దుకొని, ఎంత జారుతుందో చూసేవాడు. చూసిన వెంటనే పక్కనే ఉన్న చింతపండు నీళ్ళలో చెయ్యి కడిగేవాడు, లేకపోతే తోలు ఊడుతుంది. ఇన్ని చిలపలకు ఇన్ని చిప్పలని ఆయన మనసులో ఒక కొలత ఉండేది. ఆ కొలత ప్రకారం పడాల్సినవన్నీ పడ్డాక, ఇంకో చిప్పెడు తీసి, కళ్ళు మూసుకొని, "ఇది రాజన్న పేరు మీద," అని వేసేవాడు. వేములవాడ దేవుడు రాజన్న పేరు మీద పడిన చిప్ప లెక్కలోకి రాదు. సరిగ్గా కొలిచి సరిగ్గా వేయడం ఆయన దృష్టిలో పిసినారితనం. రంగుల అర్రలోనే కాదు, మా ఇంట్లో అన్నిటికీ ఇదే పద్ధతి. పెద్దమ్మ ఎసట్లో బియ్యం పోసి, చివరికి ఎవరి పేరూ లేని ఒక పిడికెడు వేసేది. ఆ పిడికెడు తినడానికి ఎవరో ఒకరు వచ్చేవారు కూడా. అన్నానికి ఆ పద్ధతి మంచిదే, నేనేమీ అనను. కాస్టిక్ కు పనికిరాదని చెప్పడమే నా నేరం.

నా బడి ఏడో తరగతితో అయిపోయింది. మిగతా చదువు నాకు గౌస్ చాచా దుకాణంలో దొరికింది. పెద్ద బజారులో రంగులు, కాస్టిక్, నూనెలు, అత్తరు, మిర్చి, పసుపు అమ్మే గౌస్ చాచా పాత పుస్తకాలు చింపి పొట్లాలు కట్టేవాడు. ఒకరోజు ఆయన చేతిలో తెలుగు రసాయనశాస్త్రం పుస్తకం సగం దాకా చిరిగి కనిపించింది.

"చాచా, గీ పుస్తకం చింపకు. నేను చదువుత," అన్నాను.

"మంచిగ చెప్పినవ్ బేటా. నువ్వు చదువుకుంట కూసో. మరి మిర్చి పొట్లం నీ అంగీల కట్టాల్నా?"

చివరికి పాత వారపత్రికల కట్ట ఒకటి ఎక్కడినుంచో తెచ్చిచ్చి ఆ పుస్తకాన్ని విడిపించుకున్నాను. దానిలో మొదటి పాఠాలన్నీ అప్పటికే పసుపు పొట్లాలై, సోడా పొట్లాలై ఊళ్ళోకి పోయాయి. కాబట్టి రసాయనశాస్త్రం అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నా చేతికి చిక్కింది నేరుగా లెక్కల పాఠం. ఏ పదార్థం ఎంత ఉంటే, దానితో కలవడానికి ఇంకోటి ఎంత కావాలి అనేది. మొదట ఒక్క ముక్క తలకెక్కలేదు. ఒక మధ్యాహ్నం వాకిట్లో నులకమంచం మీద పడుకొని చదువుతుంటే, ఆ మంచమే నాకు పాఠం చెప్పింది. మంచానికి నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు కావాలి. వడ్రంగం చేసే వడ్లాయన దగ్గర పన్నెండు పట్టెలు, పదమూడు కోళ్ళు ఉన్నాయనుకోండి, ఎంత గొప్ప పనివాడైనా మూడు మంచాలే చేస్తాడు. ఒక కోడు మిగిలిపోతుంది. అది మంచంలో కలవదు, ఇంట్లో అడ్డంగా పడి ఉంటుంది, చీకట్లో కాలికి తగులుతుంది. పదార్థాలూ అంతే. నూనె రేణువు ఒక్కటి కాస్టిక్ రేణువులు మూడింటితో కలిస్తే సబ్బవుతుంది. నూనె అయిపోయాక కాస్టిక్ మిగిలితే, అది ఎవరి చేతికో తగులుతుంది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఈ సంగతి అర్థమైన రోజు నేను అన్నం తినలేదు. ఆకలి కాలేదు, అంత సంతోషం.

సరోజనకు కోరుట్ల సంబంధం కుదిరిన సంవత్సరం దుకాణాల్లో సబ్బులు సరిగా దొరకలేదు. పెళ్ళికి ఇంటినిండా జనం వస్తారు, విడిదిలో బట్టలుతుక్కోవడానికి సబ్బు పెట్టకపోతే పరువు పోతుందని పెద్దనాయిన దిగులు. నేను చేస్తానన్నాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"దినాం గా చినిగిన కాయితాలు పట్టుకొని ఎంతకెంత, ఎంతకెంత అని గులుగుతవు గద. చేసి సూపియ్యి. సబ్బు మంచిగైతే రంగుల అర్ర తాళంచెవి నీ మొలతాడుకు కడ్త. కాకపోతే గా కాయితాలు పొయ్యిల పెడ్త, నువ్వు ఇంకెక్కడన్న పని సూసుకో."

"మాట మీద ఉంటవా పెద్దనాయినా?"

"నేనుంట. నీ సబ్బు ఉంటదా, కరిగిపోతదా, గది సూడు."

రంగుల అర్ర తాళంచెవి అంటే ఇప్పటివాళ్ళకు అర్థం కాకపోవచ్చు. ఆ ఇంట్లో నేను తమ్ముని కొడుకును, అన్నం పెట్టిన చోట ఉన్నవాణ్ణి. అది నా మొలతాడుకు ఉంటే ఆ ఇంటి మనిషిని. నాకు కావలసింది అదే. ఆ నీలం తొట్టిని వదిలి ఎక్కడికీ పోవాలని నాకు లేదు.

లెక్క ఇలా కట్టాను. ఎనిమిది వందల ఎనభై పాళ్ళ నూనెకు నూట ఇరవై పాళ్ళ కాస్టిక్ సరిపోతుంది. ఆ చొప్పున పది కిలోల నూనెకు కిలో మీద మూడువందల అరవై గ్రాములు కావాలి. అంతా వేస్తే కోళ్ళూ పట్టెలూ సరిసమానం. కానీ నేను అంతా వేయలేదు, కిలోంబావుకే ఆగాను. ఎందుకు? ఇది ముఖ్యం, దయచేసి గమనించండి. పెద్దనాయిన చిప్ప ఎంత పడుతుందో దొంగచాటుగా తూచి చూశాను. కాస్టిక్ పలుకులు వంద గ్రాములకు కొంచెం పైన. ఎవరు ఎంత అరిచినా రాజన్న పేరు మీద ఒక చిప్ప పడి తీరుతుందని నాకు తెలుసు. ఆ చిప్పకు కూడా చోటు వదిలి లెక్క కట్టాను. దేవుణ్ణి కూడా కలుపుకొని కట్టిన లెక్క అది. దాన్ని తప్పంటారా?

కాస్టిక్ కొనడానికి పోతే గౌస్ చాచా కిలోంబావు తూచి, ఇంకో గుప్పెడంత డబ్బాలో విసిరాడు.

"తియ్యి చాచా."

"ఏంది తీసేది? కొసరు బేటా. పెండ్లింటికి పోయే సామాను మీద కొసరు లేకపోతే నా దుకాణం ఇజ్జత్ ఏముంటది?"

"నీ ఇజ్జత్ తోటి వియ్యంకుని చెయ్యి కాలుతది."

"యా అల్లా! కొసరు ఇయ్యలేదని కొట్లాడినోళ్ళను సూసిన గని, ఇచ్చినవని కొట్లాడేటోన్ని నిన్నే సూసిన," అని బజారంతా వినేటట్టు అన్నాడు. మళ్ళీ తూయించి, కొసరు తీయించి తెచ్చాను. ఆ సంగతి బజారులో సగంమంది చూశారు. వాళ్ళలో ఒక్కడూ నా తరఫున సాక్ష్యానికి రాలేదు.

పెరట్లో పెద్ద ఇనుప కడాయి పెట్టాం. పెద్దమ్మ సిల్వర్ గంజు తెస్తే నేను అడ్డం పడుకున్నంత పని చేశాను, కాస్టిక్ అల్యూమినియం గిన్నెను తినేస్తుంది కాబట్టి. గోరువెచ్చని ఇప్పనూనెలో కాస్టిక్ నీళ్ళు సన్నని ధారగా పోశాను. పెద్దనాయిన వచ్చి, నేను అనుకున్నట్టే, కళ్ళు మూసుకొని రాజన్న చిప్ప వేశాడు. నేను నవ్వుకున్నాను. తర్వాత కలపడమే పని. ఇప్పనూనె సబ్బు తొందరగా చిక్కబడదు, ఓపిక పట్టాలి. మా అక్క భర్త నాంపెల్లి బావ గడంచె మీద కాళ్ళూపుకుంటూ కూచొని, "ఏం మాస్టరూ, సబ్బు చేత్తున్నవా, పాయసం చేత్తున్నవా? నాకో గిలాసెడు పొయ్యి," అన్నాడు.

"తాగు బావా. కడుపుల మురికంత పోతది."

"కడుపు మురికి గాదు, కడుపే పోయేటట్టున్నది. అక్కకు నువ్వే జవాబు చెప్పాలె."

మధ్యాహ్నం దాకా నూనె నూనెలాగే తిరిగింది. పెద్దనాయిన ఇంకోసారి వచ్చి, కడాయిలోకి తొంగి చూసి లోపలికి పోయాడు. సబ్బు పోయడానికి చెక్క పెట్టె కావాలి, వడ్లాయన ఇస్తానన్న వేళైంది. తెడ్డు నాంపెల్లి బావ చేతికిచ్చి, ఆపకుండా కలపమని చెప్పి పోయాను. పెట్టెకు మేకులు కొట్టేదాకా అక్కడే ఉండవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి కడాయిలో బెల్లం పాకం లాగా చిక్కని సబ్బు! తెడ్డు నిలబడుతోంది. నాకు భూమ్మీద కాళ్ళు నిలవలేదు. పెద్దనాయిన కూడా వచ్చి చూసి, "అయింది రా!" అన్నాడు. పెద్దమ్మ ముచ్చటపడి గులాబీ రంగు కొంచెం, గౌస్ చాచా దగ్గరి గులాబీ అత్తరు కొంచెం కలిపించింది. మర్నాడు కోస్తే బర్ఫీ ముక్కల్లా వచ్చాయి. వీధిలోవాళ్ళు వాసన చూసిపోయారు.

అందమే కొంప ముంచింది. బట్టల కోసం చేసిన సబ్బును గులాబీ రంగు చూసి మగపెళ్ళివారు ఒంటి సబ్బనుకున్నారు. బస్సు దిగి, దారి దుమ్ముతో విడిదికి వచ్చి, బావి దగ్గర బారులు తీరి చేతులూ ముఖాలూ మోచేతులూ రుద్దుకున్నారు. మొదట అంతా మెచ్చుకున్నారు. కొంచెంసేపటికి ఒక్కొక్కరూ చేతులు విదిలించుకుంటూ, ఊదుకుంటూ వాకిట్లో తిరగడం మొదలుపెట్టారు. దూరం నుంచి చూసినవాళ్ళు కోరుట్లవాళ్ళు ఏదో ఆట ఆడుతున్నారనుకున్నారు. వియ్యంకుడు పెద్ద మీసాల మనిషి, ఊళ్ళో భూములున్నవాడు, మాట కటువు. ఆయన రెండు అరచేతులూ పెద్దనాయిన ముఖం ముందు చాపి, "బావా, గిది మురికి తీసే సబ్బా, తోలు తీసే సబ్బా? కట్నం సంగతి మాట్లాడుకున్నం గని, తోలు సంగతి అనుకోలేదు గద," అన్నాడు.

పెద్దనాయినకు ఒక్కటే మందు తెలుసు. వంటవాళ్ళు పచ్చిపులుసు కోసం పిసికి పెట్టిన చింతపండు నీళ్ళ గంగాళం ఎత్తించుకొచ్చి, మగపెళ్ళివారందరినీ దాని చుట్టూ కూచోబెట్టి చేతులు ముంచించాడు. పట్టుపంచెలు కట్టుకున్న పెద్దమనుషులు ఒక గంగాళం చుట్టూ గుండ్రంగా గొంతుక్కూచొని చింతపండు పులుసులో చేతులు పెట్టుకున్న దృశ్యం తలుచుకుంటే, నా కోపం ఎంతున్నా ఇప్పటికీ నవ్వొస్తుంది. మంట తగ్గింది. కానీ అన్నం చేత్తో కలుపుకొనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అప్పుడే చెంచాలు. పెళ్ళి మాత్రం ఏ లోటూ లేకుండా జరిగింది. వియ్యంకుడు మర్నాటికి తానే ఆ కథ చెప్పి నవ్వించడం మొదలుపెట్టాడు. నా పేరుకు ముందు కాస్టిక్ తగిలించింది కూడా ఆయనే.

అప్పగింతలైన రోజే పెద్దనాయిన నా కాగితాలు పొయ్యిలో పెట్టాడు. నన్ను తిట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "మాట మాటే రాజేశం," అన్నాడు, అంతే. పెద్దమ్మ ఇన్ని సకినాలు మూటగట్టి బస్సు దాకా వచ్చింది. దారిపొడుగునా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

జగిత్యాలలో నూనె మిల్లులో పని దొరికింది. నూనె ఉన్నచోట నేను ఊరికే ఉంటానా? కొన్నేళ్ళకు సొంతంగా చిన్న సబ్బుల షెడ్డు పెట్టాను. సైకిలుకు రెండువైపులా సంచులు కట్టి మల్లాపూర్ దాకా, పెగడపల్లి దాకా తిరిగి అమ్మాను. అదే పాళ్ళు, అదే లెక్క. నా సబ్బు ఏ ఒక్కరి చేతిని మండించలేదు. ఊళ్ళలో ఆడవాళ్ళు, "కాస్టిక్ రాజేశం సబ్బే కావాలె, మంచిగుంటది," అని అడిగి కొనేవారు. పేరుకూ సరుకుకూ పొంతన లేదని వాళ్ళకు తోచనేలేదు. మా చుట్టాల ఇళ్ళలో మాత్రం నా సబ్బు గడప దాటలేదు. పండుగకు తీసుకుపోతే దండం పెట్టి తీసుకొని అటక మీద పెట్టేవారు.

ఎక్కడ తప్పు జరిగిందో నేను ఊరికే వదిలిపెట్టలేదు. చూడండి, రాజన్న చిప్పతో కలిపి కోళ్ళూ పట్టెలూ సరిపోయాయి. ఆ సబ్బు చేతులు కాల్చాలంటే ఇంకో చిప్పెడో, రెండు చిప్పలో పడి ఉండాలి. చిటికెడు పడితే అలా కాదు. అంటే ఎవరో కావాలనే వేశారు. గౌస్ చాచాను అడిగాను. సరుకు మార్చావా, తూకంలో మాయ చేశావా అని. "కొసరు తీసుకపోయి ఉంటే గిట్ల గాకపోవు," అన్నాడు, చచ్చేదాకా అదే మాట. నాంపెల్లి బావను అడగని సంక్రాంతి లేదు, దసరా లేదు. తెడ్డు చేతిలో ఉన్నది ఆయనే కదా. ఆయన ముందు బుకాయించాడు, తర్వాత నవ్వాడు, ముసలితనంలో నిజం చెప్పాడు. కలిపీ కలిపీ చేతులు నొప్పి పుట్టి కల్లు తాగడానికి పోయాడట, తెడ్డు కడాయిలోనే వదిలి. పెద్దనాయినను మంచంలో పడ్డాక అడిగాను. "నేనేసింది రాజన్నదొక్కటే రా. అబద్ధం చెప్పి ఏడికి పోత?" అన్నాడు. ఆయన మాట నేను నమ్మాను. నమ్మాక ఇంకా మండింది.

ఇప్పుడు రంగుల ఇల్లు లేదు. నూలు ఎక్కడో యంత్రాల్లో రంగు వేసుకొని వస్తుంది. ఆ అర్రలో పెద్దమ్మ మనుమడు మోటారుసైకిలు పెట్టుకుంటాడు. వంటింట్లో బియ్యానికి ప్లాస్టిక్ కప్పు, పిండికి బ్యాటరీ తక్కెడ, గ్రాము తేడా రానివ్వదు. నాకు నచ్చవలసిన రోజులివి. నేను ఆ ఇంట్లో ఏ సరుకైనా తూచి వేయమని మొత్తుకున్నవాణ్ణి కదా. కానీ మొన్న పోయేసరికి భోజనాల వేళ దాటింది. మనుమడి భార్య పాపం మంచి పిల్ల, గబగబా మళ్ళీ కుక్కర్ పెట్టబోయింది, నేను వద్దన్నాను. ఆ పిడికెడు అన్నం లేని గిన్నెను చూసి నాకు ఒక్క క్షణం ఏమిటోగా అనిపించింది. అలా అని కాస్టిక్ విషయంలో నా మాట మార్చుకోను.

పెద్దమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని కుర్చీలో దర్జాగా కూచుంది. నన్ను దగ్గరికి రమ్మని, అద్దాలు పైకెత్తి చూసి, "అయ్యో రాజేశా, గింత ముసలోనివైనవేంది? ఆపరేషన్ కాకముందే మంచిగుండె, అందరు పడుసోళ్ళ లెక్కనే కనవడ్డరు," అంది. సరోజన నవ్వి, నాకు చాయ్ అందిస్తూ, "చేతులు కడుక్కున్నవా కాస్టికన్నా? సబ్బు బాత్ రూంల ఉన్నది. భయపడకు, దుకాణంల కొన్నదే," అంది.

ఇక నావల్ల కాలేదు. కప్పు కింద పెట్టాను. "సరోజనా, నీ మనుమరాండ్లు ఇప్పుడు కాలేజీకి పోతున్నరు. నువ్వు సుత గదే మాటంటవా? లెక్క నాది తప్పు గాదని ఎన్నిసార్లు చెప్పాలె?" అని మొదలుపెట్టి, నూనె, కాస్టిక్, రాజన్న చిప్ప, వడ్లాయన పెట్టె, నాంపెల్లి బావ కల్లు, అన్నీ మళ్ళీ వరుసగా చెప్పాను. గొంతు కొంచెం లేచి ఉంటుంది, పక్కింటివాళ్ళు తొంగి చూశారు. చెప్పీ చెప్పీ ఆయాసం వచ్చి పెద్దమ్మ వైపు తిరిగి, "అడగని మనిషి లేడు పెద్దమ్మా. అందరు పోయిరి. నువ్వన్న చెప్పు, గా కడాయిల కాస్టిక్ ఎవలేసిండ్రు?" అన్నాను.

పెద్దమ్మ కళ్ళద్దాలు తీసింది. ఒకసారి సరోజన వైపు చూసింది, తర్వాత నా వైపు.

"నేనే ఏసిన కొడుకా. రెండు చిప్పలేసి, నేనే తెడ్డు పట్టి కలిపిన. నువ్వు వడ్లాయన తాన్కి పోయినవ్, నాంపెల్లి ఏడ వొయిండో పత్తా లేడు, నూనె జూత్తే నూనె లెక్కనే ఉన్నది. మీ పెద్దనాయిన లోపటికచ్చి, 'పొద్దుమూకేదాక గట్టివడకపోతే వీన్ని రేపటి బస్సుకే తోల్త' అన్నడు. తండ్రి లేని పిల్లగాడు ఏడికి పోతడని నాకు బుగులైంది, గందుకే ఏసిన. ఏసినంక గట్టివడ్డది గద! గట్ల మండుతదని నాకేం ఎరుక? ఇగ అటెనుక చెప్పుదామంటే, బిడ్డను అప్పుడే కోరుట్లకు తోలిస్తిమి. పిల్ల తల్లే మా చేతులు కాల్చిందంటే దాన్ని ఆడ బతకనిత్తురా? అది కుదురుకున్నదాక నోరు మూసుకున్న. అటెనుక ఎప్పుడన్న చెప్తనే ఉంటి. నువ్వు గౌస్ ను అడిగినవ్, నాంపెల్లిని అడిగినవ్, సావు మంచంల ఉన్న మనిషిని సుత ఇడిసిపెట్టకుంట అడిగినవ్. నన్ను ఇయ్యాలనే గద అడిగింది!"